వెండి కప్పుకు సీటు బెల్టు

క్లూనగ్ ఊరి హాల్లో కుర్చీలు వెయ్యడం ముప్పై ఏళ్ళుగా నా పనే. హాలు స్కూలు పక్కనే ఉంది, తాళం నా దగ్గరే ఉంటుంది, పైగా వేరేవాళ్ళు వేస్తే వరసలు వంకరపోతాయి. మార్చిలో ఆ ఆదివారం కూడా చర్చిలో పూజ అవగానే నేరుగా వచ్చి నేనే వేశాను, ఎనభై కుర్చీలు. చివరి వరస లెక్క రెండుసార్లు తప్పాను. వయసు వల్ల కాదు, యాభై తొమ్మిది ఒక వయసా? కాసేపట్లో ఆ కుర్చీల్లో కూర్చోబోయేవాళ్ళంతా నన్ను చూసి గౌరవంగా తలలు పంకిస్తారు. ఆ గౌరవానికి నేను తగనని వాళ్ళకింకా తెలియదు.

మీటింగు పిలిచింది మాటీ డెవనీ. మాటీకి ఊళ్ళో బార్ ఉంది, జిల్లా కౌన్సిల్లో సీటుంది. రెండూ తండ్రి నుంచి వచ్చినవే. తాగి బండి నడపకూడదనే చట్టం పల్లెటూళ్ళ గొంతు నులుముతోందని, దాన్ని సడలించమని తీర్మానం చేసి పంపాలని అతని పట్టు. అధ్యక్షురాలిని నేను. ఊళ్ళో ఏ మీటింగుకైనా నేనే. నా పేరు ఇమెల్డా గెరటీ, కానీ పేరు పెట్టి పిలిచేవాళ్ళంతా సమాధుల తోటలో పడుకున్నారు. మిగతా ఊరికి నేను టీచరమ్మని. నలభై ఏళ్ళ లోపువాళ్ళలో నేను ముక్కు తుడవనివాడు ఈ ఊళ్ళో లేడు.

తాగి బండి నడపడం మీద నాకున్నంత పేరు ఈ చుట్టుపక్కల ఇంకెవరికీ లేదు. ఏటా నవంబరులో పిల్లల చేత పోస్టర్లు వేయించి హాలు గోడల నిండా అంటిస్తాను. ఒకసారి రేడియోలో కూడా మాట్లాడాను. మాటీ బార్ లోంచి కారు తాళాలు ఆడించుకుంటూ బయటికొచ్చేవాడికి వీధిలో నేను ఎదురైతే, తాళాలు చప్పున జేబులోకి పోయేవి. అది చూసి లోలోపల మురిసిపోయేదాన్ని. ఎంత మురిసిపోయానో ఇప్పుడు తలుచుకుంటే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

రూరీ కిల్‌గారిఫ్ సంగతి చెప్పాలి. ఇరవై రెండేళ్ళవాడు. నాలుగో ఏట నా దగ్గరికొచ్చాడు, పన్నెండో ఏట వెళ్ళాడు. చదువు అంతంతమాత్రం. చేతికి హర్లింగ్ ఆట కర్ర ఇస్తే మాత్రం బంతి ఎక్కడ పడబోతోందో బంతికన్నా ముందే వాడికి తెలిసేది. మొరటు ఆట అది, వేళ్ళు విరుగుతాయి, పళ్ళు రాలుతాయి. అలాంటి ఆటలో కూడా వాడు ఎవరినీ కావాలని కొట్టలేదు. పెద్దవాడయ్యాక పాల ట్యాంకరు నడిపేవాడు. స్కూలు ముందు నుంచి పోతే హారన్ రెండుసార్లు కొట్టేవాడు, ఒకటి పిల్లలకి, ఒకటి నాకు.

పోయిన అక్టోబరులో మా ఊరి జట్టు జిల్లా ఫైనల్ గెలిచింది. ముప్పై నాలుగేళ్ళ తర్వాత. కెప్టెన్ రూరీయే. ఆదివారం గెలిచారు, సోమవారమంతా తాగారు. గెలిచిన వెండి కప్పులో విస్కీయో బీరో చేతికందింది పోసి, ఊరంతా చేతులు మార్చుకుంటూ తలా గుక్కెడు తాగుతారు. చర్చి ఫాదర్ కూడా తాగాడు. నేను పెదవులు తడుపుకున్నాను. మంగళవారం పొద్దున కెప్టెన్ ఆ కప్పును స్కూలుకు తేవాలి, పిల్లలందరూ ముట్టుకోవాలి, ఆ పూట హోంవర్కు ఉండకూడదు. అది ఆనవాయితీ. సోమవారం తాగుడు కూడా ఆనవాయితీయే. ఈ రెండూ పక్కపక్క రోజుల్లో వస్తాయని ఇన్నేళ్ళలో ఒక్కరమూ ఆలోచించలేదు.

మంగళవారం ఎనిమిదింపావుకి నేను వాడికి ఫోన్ చేశాను. చాలాసేపు మోగింది.

“ఏరా, ఇంకా పడకలోనే ఉన్నావా?”

“టీచరా... అయిదింటికి పడుకున్నా టీచర్. తల లేవట్లేదు. మధ్యాహ్నం తీసుకొస్తాను. లేదంటే అమ్మ ఆస్పత్రి డ్యూటీ నుంచి రాగానే తెచ్చిస్తుంది.”

“మధ్యాహ్నం ఎవరి కోసంరా? పేపరు ఫోటోగ్రాఫరు తొమ్మిదిన్నరకి వస్తున్నాడు, పదింటికల్లా పోతాడట. పిల్లలు జెర్సీలు వేసుకుని ఎగిరి గంతులేస్తున్నారు ఇక్కడ.”

“టీచర్, నేనింకా సరిగ్గా...”

“మొహం మీద చన్నీళ్ళు కొట్టుకో. టీ గట్టిగా పెట్టుకుని తాగు. ఎంత, రెండు మైళ్ళేగా. రా.”

అవతల మంచం కిర్రుమన్న చప్పుడైంది.

“సరే టీచర్,” అన్నాడు.

వాడి నాలుక మొద్దుబారి ఉంది. మాట ఆగి ఆగి వచ్చింది. నాకు వినపడింది. ముప్పై ఆరేళ్ళు పిల్లల గొంతుల్లో జ్వరం, ఆకలి, అబద్ధం పసిగట్టినదాన్ని, నిద్రమత్తుకీ తాగిన మత్తుకీ తేడా తెలియలేదంటే ఎవరు నమ్ముతారు? తెలిసింది. తెలిసే రమ్మన్నాను. ఎందుకంటే నా పోస్టర్లన్నింట్లోనూ ఆకాశం నల్లగా ఉంటుంది. ఒక మూల చందమామ ఉంటాడు. తాగినవాడు బార్ లోంచి తూలుతూ వస్తాడు. పొద్దున తొమ్మిదింటికి, ఎండలో, వెండి కప్పుతో స్కూలుకి వచ్చేవాడు తాగినవాడెలా అవుతాడు? అంత చదువూ చెప్పి నేను నేర్చుకున్నది అంతే.

అక్కడితో ఆగినా బాగుండేది. ఫోటో బాగా రావాలని పిల్లల్ని గేటు బయటికి తెచ్చి రోడ్డుకి రెండు పక్కలా నిలబెట్టాను. నలభై ముగ్గురు. మా రోడ్డు సన్నం, రెండు కార్లు ఎదురుపడితే ఒకటి పొదల్లోకి ఒరగాల్సిందే. పొట్టివాళ్ళని ముందు నిలబెట్టాను, పొడుగువాళ్ళని వెనక. అందరి చేతుల్లో ఎరుపు తెలుపు జెండాలు. వరసకి మొదట, సమాధుల తోట వైపు కొసన, ఎట్నా. ఒకటో క్లాసు పిల్ల, పసుపు రంగు వానకోటు. అందరికన్నా పొట్టి కాబట్టి అందరికన్నా ముందు దాన్నే పెట్టాను.

తొమ్మిదీ ఇరవైకి రోడ్డు దిగువన, సమాధుల తోట దగ్గర నీలం లైటు తిరుగుతూ కనపడింది. కప్పుకి ముందు పోలీసు కారు నడుస్తోందనుకున్నారు పిల్లలు. ఒకటే కేకలు. జట్టు పాట ఎత్తుకున్నారు. రెండు వందల గజాల అవతల రూరీ పోలీసుల గొట్టంలోకి ఊదుతున్నాడు, ఇక్కడ నలభై ముగ్గురు వాడి పేరు పెట్టి పాడుతున్నారు. నేను చప్పట్లతో తాళం వేస్తున్నాను. కారు ఎంతకీ కదలకపోతే మళ్ళీ ఫోన్ చేశాను. ఎత్తలేదు.

కాసేపటికి లోర్కన్ టియర్నీ నడుచుకుంటూ వచ్చాడు. మా ఊరి పోలీసు, ఎట్నా తండ్రి. రెండు చేతులతో కప్పు పట్టుకున్నాడు.

“టీచర్, ఇది పక్క సీట్లో ఉంది. దానికి బెల్టు పెట్టాడు,” అన్నాడు. “పిల్లల్ని లోపలికి తీసుకెళ్ళండి.”

“రూరీ ఏడి?”

“స్టేషనుకి తీసుకెళ్తున్నాం. ఇంత పొద్దున్నే ఎవరు రమ్మన్నారయ్యా నిన్ను అంటే, ఎవరూ రమ్మనలేదు, నాకే తోచింది, పిల్లలకి చూపిద్దామని అంటున్నాడు.” అని నావైపు చూశాడు.

“అవునా,” అన్నాను.

అదీ నేనన్న మాట. ఒక్క మాట. కప్పు లోంచి నిన్నటి విస్కీ వాసన గుప్పున కొట్టింది. స్టాఫ్ రూంలో సబ్బు పెట్టి కడిగి పిల్లలకిచ్చాను. ఫోటో కూడా దిగాం. పేపర్లో వేశారు, నేను నవ్వుతూనే ఉన్నాను.

ఫిబ్రవరిలో కేసు కోర్టుకొచ్చింది. పరిమితికి రెండింతల పైన. ఏడాది లైసెన్సు పోయింది, దాంతో ట్యాంకరు పని పోయింది. జిల్లా జట్టులోకి పిలుపు వచ్చి ఉన్నవాడిని పక్కన పెట్టేశారు. జడ్జి ముందు కూడా ‘నాకే తోచింది’ అన్నాడట. వాడి నడవడిక గురించి జడ్జికి ఉత్తరం రాసింది నేనే, మూడు పేజీలు. వాళ్ళమ్మ ఆ ఉత్తరం చదివి నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. మూడు పేజీల్లో ఒక్క ఫోన్ కాల్‌కి చోటు దొరకలేదు.

ఊరికి రూరీ మీద కోపం రాలేదు. వచ్చిందంతా లోర్కన్ మీదే. బార్‌లో అతను కూర్చుంటే పక్క స్టూళ్ళు ఖాళీ అయ్యేవి, దాంతో వెళ్ళడం మానేశాడు. ఎట్నా పుట్టినరోజుకి పదిమందిని పిలిస్తే ఇద్దరొచ్చారు. మధ్యాహ్నం ఆ పిల్ల డబ్బా తెరుచుకుని కిటికీ పక్కన ఒక్కతే తినేది. చూశాను. రోజూ చూశాను. నేను గొంతు సవరించుకుంటే చాలు, బెంచీలు వాటంతటవే కదిలే క్లాసు నాది. సవరించుకోలేదు. పాపం లోర్కన్ చేసిన తప్పేముంది అని నేను అంటే, మరి తప్పెవరిది అని ఎవరైనా అడుగుతారని భయం.

మీటింగుకి రెండు రోజుల ముందు మాటీ స్కూలుకొచ్చాడు. పిల్లల కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని, కాగితం చూపించాడు.

“టీచరమ్మా, మొదటి సంతకం మీది పడాలి. నాది పడితే బార్ వ్యాపారం కోసం ఏడుస్తున్నాడంటారు. మీరు పెడితే నోరెత్తేవాడు ఉండడు.”

“నేనా? నా పోస్టర్లు చూడలేదా మాటీ?”

“చూశాను. చక్కగా ఉన్నాయి. అందుకే కదా మీ దగ్గరికొచ్చింది.” గొంతు తగ్గించాడు. “పొద్దున ఏడు దాటాక రాత్రి తాగినదానికి కేసు పెట్టకూడదని రాశాను. రూరీ లాంటి పిల్లల కోసం. వాడి జీవితం చూడండి, ఏమైపోయిందో.”

రూరీ పేరు వినగానే సరేనన్నాను. సంతకంతో నా పాపం తుడుచుకుపోతుందని ఆశ. అంత చవకగా.

ఆదివారం హాలు నిండిపోయింది. పక్క బల్ల మీద టీ, పంది మాంసం సాండ్‌విచ్‌లు, వెన్న రాసిన ఎండుద్రాక్ష రొట్టె. టీ పోస్తున్నది రూరీ. సైకిలు మీద వచ్చాడు, ప్యాంటు కాలికి ఇంకా క్లిప్పు ఉంది. లోర్కన్ యూనిఫారం లేకుండా వచ్చి వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాడు. అతనికి ఇటూ అటూ ఇద్దరు మనుషులంత ఖాళీ.

మాటీ మొదలుపెట్టాడు. “నగరంలో కూర్చుని చట్టాలు చేసే మహానుభావుల గుమ్మం ముందు బస్సు ఆగుతుంది. మన గుమ్మం ముందు ఏముంది? ఆవు ఉంది. ఆవెక్కి రమ్మంటారా బార్‌కి?”

“నీ బార్‌కి ఆవు కూడా రాదు మాటీ, నీ బీరులో నీళ్ళే ఎక్కువ!” అన్నారెవరో. హాలంతా ఘొల్లున నవ్వింది.

తర్వాత బార్ట్లీ లేచాడు. కొండ మీద ఒంటరిగా ఉండే రైతు, డెబ్బై ఎనిమిదేళ్ళు. టోపీ తీసి చేతిలో నలుపుతూ నిలబడ్డాడు. “శుక్రవారం రెండు గ్లాసులు తాగేవాణ్ణి నేను. యాభై ఏళ్ళు తాగాను. చట్టం వచ్చాక మానేశాను. పోయిన వారం మొత్తం మీద నేను ఎవరితో మాట్లాడానో తెలుసా? కుక్కతో. అదీ విసుక్కుంటోంది.” నవ్వుదామా అని చూసి ఎవరూ నవ్వలేదు. ఆయన అబద్ధమాడలేదు.

పోస్టాఫీసు నోరా కూర్చున్న చోటు నుంచే అంది, “మా తమ్ముణ్ణి గుద్ది చంపినవాడు కూడా రెండు గ్లాసులే అన్నాడు.”

“అది వేరు నోరా. అది రాత్రి,” అన్నాడు మాటీ మెల్లగా.

నా పోస్టర్లు గోడల మీద ఉన్నాయి. అన్నీ రాత్రులే.

“అసలు వెనక గోడని మోస్తున్న పెద్దమనిషిని అడగండి,” అని ఒకడు వెనక్కి తిరిగాడు. “ఏమయ్యా లోర్కన్, ముప్పై నాలుగేళ్ళకి వచ్చింది కప్పు! ఆ ఒక్క పొద్దున చూసీ చూడనట్టు పోతే నీ సొమ్మేం పోయింది?”

“వేరే ఊరివాడికేం తెలుసులే!” అంది ఒకామె.

“నేను వినడానికొచ్చాను,” అన్నాడు లోర్కన్.

మాటీ కాగితం నా ముందు పెట్టి కలం మూత తీసి ఇచ్చాడు. “మొదటి సంతకం టీచరమ్మది,” అన్నాడు గర్వంగా. చప్పట్లు కొట్టారు. నేను కలం పట్టుకుని రూరీ వైపు చూశాను. వాడు కెటిలు వంచి ఎవరికో టీ పోస్తున్నాడు, చుక్క కింద పడకుండా, ఒళ్ళంతా అదే పనిలో పెట్టి. నాలుగో ఏట నీళ్ళ జగ్గు తెమ్మంటే అలాగే తెచ్చేవాడు. నేను చెప్పిన పని ఏదీ వాడు కాదనలేదు. అదే కదా నేను వాడుకున్నది.

“సంతకానికి ముందు ఒక మాట,” అన్నాను. “ఆ రోజు రూరీకి తోచి రాలేదు. నేను ఫోన్ చేసి రమ్మన్నాను. రాలేనన్నాడు, మధ్యాహ్నం వస్తానన్నాడు. ఒప్పుకోలేదు. వాడి మాట విని ఇంకా మత్తులోనే ఉన్నాడని నాకు తెలిసింది. తెలిసే రమ్మన్నాను. కోర్టులో వాడు నా పేరు చెప్పలేదు. నేనూ చెప్పలేదు.”

ఇక పడుతుంది దెబ్బ అని కళ్ళు దించుకున్నాను. నిజం చెప్తున్నాను, ఆ దెబ్బ కోసం ఎదురుచూశాను.

“అయ్యో, టీచరమ్మా!” అన్నాడు మాటీ. గొంతులో ఎంత ప్రేమో. “ఇంత చిన్నదానికి ఇన్నాళ్ళూ కుమిలిపోయారా? పిల్లల కోసమేగా పిలిచారు!”

“పాపం!” అంది నా పక్కనున్నామె, వీపు నిమురుతూ. ఎవరో టీ తెచ్చి చేతిలో పెట్టారు, అందులో రెండు చెంచాల చక్కెర ఎక్కువ వేసి.

మాటీ అప్పటికే హాలు వైపు తిరిగాడు. “విన్నారుగా? తాగి బండి నడిపేవాళ్ళంటే నిప్పులు కక్కే మనిషి మన టీచరమ్మ. అలాంటి మనిషికే పొద్దున తొమ్మిదింటికి అదొక తప్పులా అనిపించలేదు. అంటే లోపం మనిషిలో ఉందా, చట్టంలో ఉందా? ఈ మాట కూడా తీర్మానంలో రాద్దాం!”

ఈసారి చప్పట్లు ఇంకా గట్టిగా మోగాయి. ఐదు నెలలు కడుపులో దాచుకున్న సిగ్గుని బయట పెడితే, దాన్ని తీసుకెళ్ళి తీర్మానంలో మొదటి వాక్యం చేస్తున్నారు. తిడితే భరించేదాన్ని. ఆ ఓదార్పు భరించలేకపోయాను. కాదు అనడానికి నోరు తెరిచాను.

“కాదు మాటీ.”

అన్నది రూరీ. కెటిలు బల్ల మీద పెట్టాడు. మైదానంలో తప్ప గొంతెత్తి ఎరగడు, అందుకే అందరూ తిరిగి చూశారు.

“కాదు,” అన్నాడు మళ్ళీ. “నేను ఇది కోర్టులో చెప్పలేదు, ఎవరూ అడగలేదు కాబట్టి. సమాధుల తోట దగ్గర లోర్కన్ ఆపినప్పుడు నేను నోటికొచ్చినట్టు తిట్టాను. అక్కడి నుంచి చూస్తే స్కూలు దాకా రోడ్డు తిన్నగా కనపడుతుంది కదా. ఎదురెండ. నాకు జెండాలు కనపడ్డాయి. పొదలకి ఎవరో జెండాలు కట్టారనుకున్నాను. పాట వినపడుతుంటే కారు రేడియో అనుకున్నాను. లోర్కన్ నన్ను దింపి, అటు చెయ్యి చూపించి, ‘రోడ్డు మీద ఎంతమంది ఉన్నారో చెప్పు’ అన్నాడు.”

ఆగి, చేతులు తుడుచుకున్నాడు.

“బాగా చూశాను. చూసి, ‘ఎవరూ లేరు కదా’ అన్నాను.”

వెనక గోడ దగ్గరున్న లోర్కన్ వైపు చూశాడు.

“అప్పటికే ఆలస్యమైంది. టీచర్ రమ్మన్నారని తొందరలో ఉన్నాను. లోర్కన్ ఆపకపోతే నేను ఆగేవాణ్ణి కాదు,” అన్నాడు. కెటిలు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు గానీ టీ కోసం ఎవరూ కప్పు చాపలేదు.

ఆ హాల్లో ఉన్నవాళ్ళలో సగంమంది పిల్లలు ఆ వరసలో నిలబడినవాళ్ళే. తల్లులు నావైపు చూశారు. అప్పుడు పడింది నాకు పడాల్సిన చూపు. ఇందాక వీపు నిమిరినామె చెయ్యి ఎప్పుడు తీసేసిందో తెలియలేదు. నేను కలానికి మూత పెట్టి కాగితం మాటీ వైపు జరిపాను. అతను దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, “సరే, ఇంకోసారి చూద్దాం,” అన్నాడు. తర్వాతి వారం తన సంతకంతోనే పంపాడని విన్నాను. బార్ట్లీ కూడా పెట్టాడట. ఆయన్ని నేనేమీ అనను.

జనం సాండ్‌విచ్‌లు వదిలేసి వెళ్ళిపోయారు. కుర్చీలు అలాగే ఉంచి బయటికి పరిగెత్తాను. లోర్కన్ కారు తలుపు తీస్తున్నాడు. సన్నగా తుంపర పడుతోంది.

“లోర్కన్, ఆగండి. ఆ రోజు మీరు కప్పు తెచ్చినప్పుడే నేను చెప్పాల్సింది.”

“నాకు తెలుసు టీచర్.”

“ఏం తెలుసు?”

“వాడు గొట్టంలోకి ఊదుతుంటే సీటు మీద ఫోన్ మోగింది. తెర మీద మీ పేరే ఉంది.”

రోడ్డు మీద నిలబడి నేను రెండోసారి చేసిన ఫోన్.

“మరి ఎవరికీ చెప్పలేదేం? ఊరు ఊరంతా మిమ్మల్ని ఇన్నాళ్ళు వెలివేసినట్టు చూస్తుంటే, ఒక్క మాట అంటే సరిపోయేది కదా!”

అతను కారు లోపలికి చూశాడు. వెనక సీట్లో పసుపు కోటు వేసుకుని ఎట్నా కూర్చుని ఉంది, అద్దం మీద ఆవిరిలో వేలితో ఏదో గీస్తోంది. చర్చి నుంచి నేరుగా వచ్చి, మీటింగు అయ్యేదాకా కార్లోనే ఒక్కతే ఉన్నట్టుంది.

“అది మీ దగ్గర చదువుతోంది కదా టీచర్,” అన్నాడు. “మీ పేరు బయటికొస్తే దానికి క్లాసులో ఇబ్బందవుతుందని. ఊళ్ళో ఎవరెలా ఉన్నా, క్లాసులో మీరు చూసుకుంటారులే అనుకున్నాను.”

గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండు. అతను ముందు సీట్లో కూర్చుని, వెనక్కి వంగి పిల్ల బెల్టు ఒకసారి లాగి చూసుకున్నాడు.

ఎట్నా అద్దంలోంచి నన్ను చూసింది. చూడగానే గీయడం ఆపేసి, చేతులు కట్టుకుని, క్లాసులో లాగా నిటారుగా కూర్చుంది.